ఒడ్డున ఉన్నవాళ్లకి తోడుగా: విశాఖలో ప్రకృతిని కాపాడుతున్న స్థానిక సంఘాలకు ఎలా సాయపడాలి?

కొన్నేళ్ల క్రితం ఓ ఆదివారం పొద్దున్నే మా కాలనీవాళ్లం ముప్పై మందిమి జోడుగుళ్లపాలెం దగ్గర ఒడ్డు శుభ్రం చేయడానికి వెళ్లాం. గ్లోవ్స్, గోనెసంచులు, ఒకే రంగు టీషర్టులు, ఉప్మా పొట్లాలు అన్నీ సిద్ధం. రెండు గంటల్లో సంచులు నిండిపోయాయి. ఊపు మీదున్నాం కదా, ఇసక దిబ్బ మీద చిందరవందరగా పాకిన తీగలు కూడా చెత్తే అనుకుని పీకడం మొదలుపెట్టాం. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి వచ్చాడు. "ఏటి బాబూ, ఇసకని పట్టుకున్న తీగని పీకేత్తన్నారేటి?" అన్నాడు.

అది బాలబంద తీగ. మేక గిట్టలా చీలిన ఆకు, ఊదా పువ్వు. గాలికీ కెరటానికీ దిబ్బ కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది దాని వేళ్లే. ఆ దిబ్బ వెనకే ఆయన ఇల్లు. పని మొదలుపెట్టే ముందు ఆయన్ని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మా ముప్పై మందిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు.

ఆ ఒక్క మాట ఎలా అడగాలి, అడిగాక ఏం చేయాలి అన్నది అప్పటినుంచి నేర్చుకుంటూనే ఉన్నాను. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ నెలకి కొన్ని గంటలు, కొంత డబ్బు ఇవ్వగలిగినవాళ్ల కోసం, చదువుకుంటూ ఏదైనా చేయాలని ఉన్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నేను మొదట్లో చేసిన పొరపాట్లు మీరు చేయకూడదని నా ఆశ.

మొదటి అడుగు: కొత్త సంఘం పెట్టేముందు ఉన్నవాళ్లని వెతకండి

ప్రకృతి గురించి మనసు కష్టపెట్టుకున్న ప్రతివాళ్లకీ ముందుగా తట్టేది ఓ వాట్సాప్ గ్రూపు, ఓ పేరు, ఓ లోగో. కాస్త ఆగండి. విశాఖలో ఈ పని చేస్తున్నవాళ్లు ఇప్పటికే ఉన్నారు. చాలామందికి బోర్డు లేదు, అంతే.

సముద్రం వైపు చూస్తే, ఏటా జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకి వస్తాయి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా అక్కడక్కడా అటవీశాఖ హేచరీలు, అంటే గుడ్లని భద్రంగా పూడ్చి పిల్లలయ్యేదాకా కాపాడే కంచెలు, పెడుతుంది. వాటి దగ్గర రాత్రంతా తిరిగి గుడ్లు కాపాడేది ఎక్కువగా మత్స్యకార కుటుంబాల కుర్రాళ్లే. కొండ వైపు చూస్తే, నగరాన్ని ఆనుకునే దాదాపు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. చిరుత, అలుగు (పాంగోలిన్) తిరిగే అడవి అది. అడవి అంచు ఊళ్లలో వన సంరక్షణ సమితులు ఉంటాయి. 1992లో మన రాష్ట్రంలో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైనప్పటి నుంచీ ఉన్న ఏర్పాటు ఇది. కొన్నిచోట్ల చురుగ్గా ఉంటాయి, కొన్నిచోట్ల కాగితం మీదే మిగిలాయి. ఇక నీళ్ల వైపు మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ జలాశయాలు, 2022లో జిల్లాలు విడిపోయాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్లిన కొండకర్ల ఆవ అనే సరస్సు. ఆవలో తాటిదోనెలు నడిపేవాళ్లకి ఏ పిట్ట ఏ నెలలో దిగుతుందో మనం చూసే పుస్తకాలకంటే బాగా తెలుసు.

చట్టం ప్రకారం ఉండాల్సిన సంఘం ఇంకొకటుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, ప్రతి పురపాలక సంఘానికీ ఓ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరి చెట్టూ చేమా, పిట్టా పురుగూ, వాటి గురించి పెద్దలకి తెలిసిన సంగతులూ అన్నీ ఎక్కించే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఆ కమిటీ చేతిలో ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టరు చూపించమని అడగండి. దొరికితే అది బంగారం. దొరక్కపోతే మీరు చేయగల మొదటి పని దొరికినట్టే.

వీళ్లని పట్టుకోవడానికి మూడు తలుపులు తట్టాలి: అటవీ రేంజ్ ఆఫీసు, గ్రామ లేదా వార్డు సచివాలయం, పొద్దున్న ఆరింటికి వేట నుంచి బోట్లు తిరిగొచ్చే ఒడ్డు. నా అనుభవంలో మూడోదే అన్నిటికంటే త్వరగా తెరుచుకుంటుంది.

రెండో అడుగు: మొదటి మూడు నెలలు కెమెరా ఇంట్లోనే

ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లని ఆ ఊళ్లు చాలామందిని చూశాయి. పుట్టినరోజుకి వచ్చి తాబేలు పిల్లల్ని అరచేతిలో పెట్టుకుని సెల్ఫీ దిగి వెళ్లినవాళ్లు మళ్లీ కనబడరు. అందుకే మొదటి మూడు నెలలు ఊరికే వెళ్లండి. కూర్చోండి, టీ తాగండి, అడగండి. "మీకు ఏం కావాలి?" అని అడిగితే మొహమాటానికి "ఏం వద్దండి" అంటారు. "పోయిన సీజన్లో ఏ పని దగ్గర చిక్కుకున్నారు?" అని అడగండి. ఆ ప్రశ్నకి నాకు ఎప్పుడూ జవాబు దొరక్కుండా పోలేదు. పేరు పెట్టి పిలవడం కంటే వయసుని బట్టి అన్నా, మామా, అక్కా, అమ్మా అనడం మర్యాద. ఊళ్లో పెద్దలకి చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకండి. పాలెంలో పెద్దలమాటకి ఇప్పటికీ విలువుంది, ఉండాలి కూడా.

వీలైతే, అటవీ సిబ్బంది అనుమతితో, ఒక్క రాత్రి హేచరీ కుర్రాళ్లతో నడవండి. అర్ధరాత్రి దాటాక నడక మొదలవుతుంది. టార్చికి ఎర్ర కాగితం చుట్టి ఉంటుంది, ఎందుకంటే తెల్లటి వెలుతురు పడితే ఒడ్డెక్కుతున్న తాబేలు బెదిరి వెనక్కి తిరిగిపోతుంది. తాబేలు జాడ ట్రాక్టరు చక్రం దొర్లినట్టుంటుంది. నీళ్ల నుంచి పైకి ఒక బాట, పైనుంచి నీళ్లలోకి ఇంకో బాట. రెండూ కలిసేచోట ఇసక చెదిరి ఉంటుంది. ముందు నడిచే కుర్రాడు అక్కడ ఆగి అరికాలితో మెల్లగా నొక్కి చూస్తాడు. గట్టి ఇసక మధ్య ఒక్కచోట కాలు కాస్త దిగుతుంది. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తవ్వుతాడు. చెయ్యి మోచేతిదాకా లోపలికి వెళ్లాక వేళ్లకి గుండ్రంగా, మెత్తగా తగులుతుంది. గుడ్డు చూడ్డానికి పింగ్‌పాంగ్ బంతిలా ఉన్నా పెంకు తోలులా వంగుతుంది. ఒక్కో గుంటలో వంద, అటూ ఇటూగా. పైకి లెక్కపెడుతూ, తిరగేయకుండా, ఆ గుంట ఇసకతో సహా బకెట్లో పెడతాడు. హేచరీలో మళ్లీ అదే లోతు గుంట, పైన ఇరుకు, అడుగున వెడల్పు. పక్కన తేదీ, గుడ్ల లెక్క రాసిన చిన్న అట్టముక్క. ఇంక 45 నుంచి 60 రోజుల ఎదురుచూపు.

నేను నడిచిన రాత్రి ఆ లెక్క స్కూలు పిల్లల నోటు పుస్తకంలో రాశారు. మంచుకి తడిసి పేజీలు అంటుకుపోయాయి. అంతకుముందు వారం రాసిన రెండు గుంటల లెక్క చదవడానికి రాలేదు. టార్చి మధ్యలో ఆరిపోతే ఫోను వెలుతురుతో పని కానిచ్చారు. "పోయిన సీజన్లో ఎక్కడ చిక్కుకున్నారు?" అన్న ప్రశ్నకి జవాబు నా కళ్లముందే కనబడింది.

మూడో అడుగు: వాళ్లు అడిగినదే ఇవ్వండి, మనకి ఇష్టమైంది కాదు

సంఘాలకి మనం ఇవ్వాలనుకునేవి: బ్యానర్, అవగాహన సదస్సు, మొమెంటో. వాళ్లకి కావలసినవి: తడవని రిజిస్టరు, టార్చి బ్యాటరీలు, రెయిన్‌కోటు, రాత్రి కాపలాకి టీ ఫ్లాస్కు, కుక్కలు దూరకుండా హేచరీ చుట్టూ కట్టే వలకంచె, ఇంగ్లీషులో వచ్చిన ఉత్తరాన్ని చదివి చెప్పే మనిషి, కలెక్టరేట్‌కి వెళ్లే రోజు ఆటో ఖర్చు.

చప్పటి పనులే ఇవన్నీ. నా మాట నమ్మండి, ఏ సంఘమైనా కుప్పకూలేది ఈ చప్పటి పనుల దగ్గరే. మీకు టైపింగ్ వస్తే అర్జీ టైపు చేసివ్వండి. లెక్కలు వస్తే నెలకోసారి కూర్చుని ఖర్చుల పుస్తకం సరిచూడండి. కారుంటే ఓ రోజు సామాను మోయండి. బీచ్ రోడ్డు వైపు ఫ్లాటుంటే సీజన్ మూడు నెలలూ, పిల్లలు బయటకొచ్చే ఏప్రిల్, మే నెలల్లోనూ బాల్కనీ ఫ్లడ్‌లైటు ఆర్పండి, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో ఆర్పించండి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల వెలుతురున్న వైపే పాకుతుంది. కోట్ల ఏళ్లుగా ఆ వెలుతురు సముద్రం మీద ఆకాశానిది. ఇప్పుడు రోడ్డు మీద దీపాలది. దారి తప్పి రోడ్డు వైపు పాకిన పిల్ల తెల్లారేసరికి ఎండకో కాకికో బలైపోతుంది.

ఒప్పుకున్న పని చిన్నదైనా సీజన్ మొత్తం చేయండి. రెండు వారాలు వచ్చి మానేసేవాళ్ల వల్ల సంఘానికి లాభం కంటే టెన్షన్ ఎక్కువ.

నాలుగో అడుగు: ముట్టుకునే ముందు చట్టం తెలుసుకోండి

ఆలివ్ రిడ్లే తాబేలు, వేల్ షార్క్, అలుగు, చిరుత అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జీవులు, అంటే అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్నవి. వాటిని పట్టడం, దగ్గర ఉంచుకోవడం, గుడ్లు తీయడం నేరం. 3 నుంచి 7 ఏళ్ల జైలు. మంచి ఉద్దేశంతో చేశామంటే కుదరదు. హేచరీ కుర్రాళ్లు గుడ్లు తీస్తున్నారంటే దాని వెనక అటవీశాఖ అనుమతి, శిక్షణ ఉన్నాయి. మీరు మీ అంతట మీరు గుంట తవ్వకూడదు. జాడ కనబడితే చెరిపేయకుండా ఫోన్ చేయండి. రేంజ్ ఆఫీసు నంబరు మీ ఫోన్లో ముందే ఉండాలి.

అభయారణ్యం లోపలికి వెళ్లడానికి, డ్రోన్ ఎగరేయడానికి, రాత్రి నడకకి అనుమతి తప్పనిసరి. పట్టా భూమిలోనైనా చెట్టు కొట్టాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకి తెచ్చిన వాల్టా చట్టం అడ్డొస్తుంది, ఆ అడ్డు మనకి మంచిదే. కాలనీలో ఎవరైనా పెద్ద చెట్టు నరుకుతుంటే ముందు అనుమతి కాగితం చూపించమని మర్యాదగా అడగండి.

ఐదో అడుగు: డబ్బు సంగతి

దీని గురించి ఎవరూ నోరు విప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

మొట్టమొదటి మాట: రాత్రి కాపలా కాసేవాళ్లకి కూలి ఇవ్వాలి. మనం ఆదివారం సరదాగా చేసే పని వాళ్లకి రెండు పూటల నిద్ర. వేటకి వెళ్లలేని పొద్దు. "స్వచ్ఛంద సేవ" అన్న మాట నెల జీతం వచ్చేవాళ్ల నోట్లో తేలిగ్గా పలుకుతుంది. అటవీశాఖ కాపలాదారులకి ఇచ్చేది ఏమైనా ఉంటే అది ఆలస్యమయ్యే నెలల్లో సర్దుబాటు చేయగలిగేలా సంఘం దగ్గర ఓ చిన్న నిధి ఉండాలి. పది కుటుంబాలు నెలకి ఐదొందలు చొప్పున ఏడాది పొడుగునా ఇస్తే, ఒక్కసారి వచ్చి పడే యాభై వేల కంటే అదే మేలు. మొత్తం పెద్దదవుతుంది, పైగా సీజన్ కాని నెలల్లోనూ సంఘం బతికుంటుంది.

రెండోది కాగితాలు. సంఘాన్ని రిజిస్టరు చేయాలనుకుంటే 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురిలో ఊరివాళ్లే ఎక్కువమంది ఉండేలా చూడండి, ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీదే, ఇద్దరి సంతకంతోనే. ఎవరి సొంత ఫోన్‌పేకి డబ్బు వేయించుకున్నా, ఆ మనిషి ఎంత మంచివాడైనా, ఏదో ఒకరోజు అనుమానం పుడుతుంది. స్నేహాలు అక్కడే తెగిపోవడం నేను చూశాను. ప్రతి మూడు నెలలకీ జమాఖర్చులు తెలుగులో ఓ కాగితం మీద రాసి ఊళ్లో అందరికీ కనబడేచోట అంటించండి. గుడి అరుగు దగ్గరైనా, వలలు ఆరేసే షెడ్డు దగ్గరైనా సరే.

మూడోది కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు. విశాఖ పరిశ్రమల ఊరు కాబట్టి ఆశ సహజం. కంపెనీల చట్టం ప్రకారం ఓ స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి ఖర్చుపెట్టాలి. పర్యావరణం, వన్యప్రాణుల రక్షణ ఆ జాబితాలో ఉన్నాయి. కానీ ఆ డబ్బు తీసుకోవాలంటే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ నమోదుతోపాటు సీఎస్‌ఆర్-1 ఫారం కింద నమోదు కూడా ఉండాలి. చిన్న సంఘానికి ఇదంతా భారమైతే, ఆ నమోదులన్నీ ఉన్న పెద్ద సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని వాళ్ల ద్వారా తీసుకోవచ్చు. ఒప్పందంలో ఊరి సంఘం పేరు, పని, మొత్తం స్పష్టంగా ఉండాలి. ఏ గెడ్డలో (వాగులో) ఎవరి వ్యర్థాలు కలుస్తున్నాయని సంఘం అడుగుతోందో, వాళ్ల దగ్గరే డబ్బు తీసుకోవాలా అన్నది ఊరంతా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ఆ నిర్ణయం మీరు వాళ్ల తరఫున చేయకండి.

ఇంకొకటి. మనలో ప్రతి ఇంటికీ అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఓ బంధువుంటారు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే మాత్రం అవుతుంది, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇచ్చే) కార్డున్నా సరే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం అది తీసుకోకూడదు. అభిమానంతో పంపిన వంద డాలర్లు ఊరి సంఘాన్ని చిక్కుల్లో పడేస్తాయి. డబ్బు అడిగేముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి.

ఆరో అడుగు: లెక్క రాయడం నేర్చుకోండి, నేర్పండి

కాపాడుతున్నామని చెబితే ఆఫీసుల్లో ఎవరూ వినరు. ఐదేళ్ల లెక్క చూపిస్తే వింటారు. తాబేళ్ల విషయంలో రాయాల్సినవి కొన్నే: తేదీ, సమయం, చోటు, గుడ్లు ఎన్ని, పిల్లలు ఎన్ని బయటపడ్డాయి, ఎన్ని సముద్రంలోకి వెళ్లాయి. చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేళ్ల లెక్క కూడా అంతే ముఖ్యం. తాబేలు చేప కాదు, గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాల్ వలలో ఎక్కువసేపు ఇరుక్కుంటే ఊపిరాడక చచ్చిపోతుంది. ఏ వారంలో, ఏ ఒడ్డున ఎక్కువ కళేబరాలు వచ్చాయో రాసుకుంటే, తాబేలు తప్పించుకునే అమరికని వలలకి పెట్టించమని మత్స్యశాఖని అడగడానికి ఆధారం దొరుకుతుంది.

పిట్టల లెక్క పిల్లలకి అప్పజెప్పండి. జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరిలో నాలుగు రోజుల పెరటి పక్షుల గణన జరుగుతాయి. ఈబర్డ్ యాప్‌లో పేరు, సంఖ్య ఎక్కిస్తే అది శాస్త్రవేత్తలకి నేరుగా పనికొస్తుంది. మేఘాద్రిగెడ్డ గట్టు మీద ఒక్క పొద్దున్న నిలబడి రాసినా చాలు, ఏడాది ఏడాదికీ అదే చోట, అదే వారంలో రాయడం ముఖ్యం.

ఒక్క జాగ్రత్త. అలుగు కనబడినచోటు, గుడ్లగూబ గూడు, నక్షత్ర తాబేలు దొరికినచోటు సోషల్ మీడియాలో ఎప్పుడూ పెట్టకండి. వేటగాళ్లూ, అమ్ముకునేవాళ్లూ కూడా అవే పోస్టులు చూస్తారు.

ఊరి పెద్దలు చెప్పిన సంగతులు, ముఖ్యంగా మందుమొక్కల గురించి రాసేటప్పుడు వాళ్ల అనుమతి తీసుకోండి. ఆ తెలివి వాళ్ల ఆస్తి.

ఏడో అడుగు: శుభ్రం చేయడం, మొక్కలు నాటడం

ఒడ్డు శుభ్రం చేసేటప్పుడు బాలబంద తీగని, బంతుల్లా దొర్లే రావణాసురుడి మీసాల గడ్డిని, మొగలి పొదల్ని వదిలేయండి. జేసీబీ వద్దు, గుడ్లున్న నెలల్లో అసలే వద్దు. ఏరిన చెత్తని తూకం వేసి రకాలుగా రాయండి: వల ముక్కలు, సీసాలు, షాంపూ పొట్లాలు, చెప్పులు. ఏ బ్రాండు పొట్లం ఎక్కువుందో రాస్తే ఇంకా మంచిది. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చెత్త బండి ఎన్నింటికి వస్తుందో ముందురోజే మాట్లాడుకోండి. బండి రాకపోతే ఏరిన సంచులన్నీ మర్నాటి పోటుకి మళ్లీ సముద్రంలోకే పోతాయి. తెగిన వల ముక్కలకి విలువుంటుంది, తీసేముందు మత్స్యకారుల్ని అడగండి.

మొక్కల విషయంలో నాది గట్టి అభిప్రాయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాడు ఈ ఊరిని చూసినవాళ్లకి పచ్చదనం మీద ప్రేమ పెరగడం సహజమే. కానీ ఖాళీ జాగా కనబడగానే మొక్క నాటేయడం సంరక్షణ అనిపించుకోదు. తాబేళ్లు ఎక్కే ఇసకలో సరుగుడు నాటితే గుడ్లు పెట్టే చోటు పోతుంది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మీద తోట వేస్తే దిబ్బ స్వభావమే మారిపోతుంది. వేల ఏళ్లుగా గాలి, సముద్రం పేర్చిన ఇసక, అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబడిన నేల అది. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. అక్కడ సంఘానికి చేయగల సాయం జనాన్ని గట్టు అంచుల మీద ఎక్కనివ్వకుండా, వాహనాలు తిప్పనివ్వకుండా చూడటం.

నాటాల్సిన చోట తొలకరికి నాటండి. వేప, కానుగ, నేరేడు, మద్ది, పాలచెట్టు, జువ్వి వంటి ఈ నేల చెట్లే. వంద మొక్కలు నాటి ఫొటో దిగడం కంటే ఇరవై నాటి మూడు వేసవులు నీళ్లు పోయడం కష్టం, అదే పని. మేకలు దూరకుండా కంచె ఎవరు చూసుకుంటారు, నీళ్లు ఎవరు పోస్తారు, వాళ్లకి నెలకి ఎంత అన్నది నాటకముందే తేల్చుకోండి.

మేం తీగ పీకేసిన దిబ్బ మీద తర్వాతి తొలకరికి బాలబంద ముక్కలే తెచ్చి గుచ్చాం. ఎక్కడ గుచ్చాలో ఆ పెద్దాయనే చూపించాడు. రెండు వానలకి చిగురేసింది.

ఎనిమిదో అడుగు: అర్జీలు, విచారణలు, కోర్టు

చదువుకున్నవాళ్లు నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడ. కొండ తవ్వుతున్నారని, గెడ్డలో నురగ తేలుతోందని ఊరివాళ్లకి మనకంటే ముందే తెలుసు. దాన్ని ఏ ఆఫీసుకి, ఏ మాటల్లో రాయాలో తెలియక ఆగిపోతారు.

ముందు సమాచార హక్కు దరఖాస్తు. సూటిగా, ఒక్కో ప్రశ్న ఒక్కో వరుసలో రాయండి: ఈ సర్వే నంబరులో తవ్వకానికి అనుమతి ఉందా? ఉంటే నకలు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. "ఎందుకు చర్య తీసుకోలేదు?" లాంటి కోపం ప్రశ్నలు రాస్తే జవాబు తప్పించుకోవడానికి వాళ్లకి దారి ఇచ్చినట్టే. కాగితాలు మాత్రమే అడగండి.

పెద్ద ప్రాజెక్టుకి 2006 పర్యావరణ ప్రభావ ప్రకటన కింద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. ఆ సారాంశం తెచ్చి పాలెంలో చదివి వినిపించండి. నివేదికలో ఈ ఒడ్డుకి తాబేళ్లు రావని, గెడ్డ లేదని రాసి ఉంటే, ఆరో అడుగులో చెప్పిన రిజిస్టరు అప్పుడు మాట్లాడుతుంది. విచారణ రోజు మైకు ముందు ఊరివాళ్లే మాట్లాడాలి, వాళ్ల యాసలోనే. మీరు పక్కన కూర్చుని, చెప్పిన ప్రతి మాటా మినిట్స్‌లో ఎక్కిందో లేదో చూడండి. రాతపూర్వక అభ్యంతరాలు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇవేవీ పనిచేయకపోతే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మనకి చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం. సమస్య తలెత్తిన ఆరు నెలల్లోగా వెళ్లాలి, అందుకే తేదీలు రాసుకోవడం ముఖ్యం. కానీ కేసు వేసే పేరు ఎవరిదో నిదానంగా ఆలోచించండి. మీరు నగరంలో ఉంటారు. బెదిరింపు ఫోను వచ్చేది, పని పోయేది ఊళ్లో ఉన్న మనిషికి. వాళ్లు వద్దంటే వద్దు.

తొమ్మిదో అడుగు: వాళ్ల బతుకుని పక్కనపెట్టి ప్రకృతిని చూడకండి

2021 డిసెంబరులో తంతడి ఒడ్డున ఓ పెద్ద వేల్ షార్క్ వలలో చిక్కింది. మత్స్యకారులు, అటవీ సిబ్బంది, వన్యప్రాణి ప్రేమికులు కలిసి దాన్ని మళ్లీ లోతునీళ్లలోకి పంపారు. ఆ వీడియో చూసి అందరం చప్పట్లు కొట్టాం. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ వల సంగతి కూడా అడగండి. వల అంటే ఓ కుటుంబం చేసిన అప్పు. పెద్ద జీవిని వదలడానికి వల కోయాల్సి వస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారన్న ప్రశ్నకి ముందే జవాబు ఉండాలి. పరిహారం దరఖాస్తు నింపడానికి కోయకముందు, కోశాక తీసిన ఫొటోలు, బోటు నంబరు, తేదీ కావాలి. ఆ ఫైలు పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగేవాళ్లు సంఘానికి దొరకడం అదృష్టం. అది మీరు కావచ్చు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం కాబట్టి అది సముద్రానికి మంచిదే. ఒడ్డున పొయ్యి వెలగడం కష్టమయ్యే నెలలూ అవే. భృతి జాబితాలో పేరు లేనివాళ్ల దరఖాస్తులు సరిచేయడానికి ఓ రెండు ఆదివారాలు ఇవ్వండి. చేపలు అమ్మే ఆడవాళ్ల పేర్లు చాలాసార్లు ఏ జాబితాలోనూ ఉండవు. ఆ ఇంట్లో పిల్లాడే జనవరిలో రాత్రంతా తాబేళ్ల జాడ వెతికేది.

అడవి అంచున కట్టెలు ఏరుకునే ఆవిడనీ, ఆవులు తోలే తాతనీ దొంగల్లా చూడకండి. మంటలు లేచిన రోజు మొదట పొగ చూసి కేకేసేది వాళ్లే. ఏజెన్సీ గూడేల్లో అయితే 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు గ్రామసభవి. అక్కడ ఏ పనికైనా గ్రామసభ తీర్మానం తర్వాతే మనం.

పత్రికలో వార్త వస్తే వాళ్ల పేర్లు ముందు రావాలి. ఫొటోలో మధ్యలో నిలబడాల్సింది కూడా వాళ్లే.

ఏడాది పనిని ఇలా పరుచుకోండి

జులై నుంచి సెప్టెంబరు దాకా కాగితాల కాలం: జమాఖర్చులు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ, సమాచార హక్కు దరఖాస్తులు, జీవవైవిధ్య రిజిస్టరు. నాటిన మొక్కలకి కంచె సరిచూసేదీ అప్పుడే.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. సంఘం సామాను ఎత్తైన చోటికి చేర్చండి, రిజిస్టర్ల ప్రతి పేజీ ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో దాచండి. తుపాను పోయాక ముందు ఊళ్లో ఇళ్లు, బోట్లు ఎలా ఉన్నాయో చూడండి, తర్వాతే చెట్లు.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు, వలస పిట్టలు. ఏప్రిల్, మేలలో పిల్లల్ని వదలడం, అడవి అంచున మంటల కాపలా, వేట నిషేధం దరఖాస్తులు. జూన్‌లో నాట్లు.

ఇక డిసెంబరు. రేంజ్ ఆఫీసులో అనుమతుల సంగతి కనుక్కోవడం, హేచరీ కర్రలు, వలకంచె, టార్చీలకి చుట్టే ఎర్ర కాగితం, బ్యాటరీలు సర్దడం ఈ నెలలోనే. రిజిస్టర్లు గట్టి అట్టవి కొనండి, ఒక్కోదానికి ప్లాస్టిక్ తొడుగు వేయించండి, పెన్ను బదులు పెన్సిలు కట్టండి, మంచుకి పెన్సిలు గీత చెదరదు. క్రిస్మస్ సెలవుల్లో ఓ సాయంత్రం అవి తీసుకెళ్లి పాలెంలో ఇచ్చేసి రండి. మొదటి జాడ ఏ రాత్రి పడుతుందో ఎవరికీ తెలియదు.